ఆటలో అరటిపండు: కళాశాల క్రీడాజట్లలో పాత్ర – ప్రేరణల సంబంధం (జగ్గయ్యపేట, నందిగామ మెట్టప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:

జట్టు ఆటలో ఒక క్రీడాకారుడు ఎంత పట్టుదలతో ఆడతాడన్నది అతని స్వభావం మీద మాత్రమే ఆధారపడి ఉండదు. జట్టులో అతనికి దక్కిన పాత్ర ఏమిటి, ఆ పాత్ర అతనికి ఎంత స్పష్టంగా తెలుసు, దాని ఫలితం ఇతరుల కంటికి కనబడుతున్నదా అన్న అంశాలు కూడా ఆ పట్టుదలను నిర్ణయిస్తాయి. క్రీడామనోవిజ్ఞానం గత అరవై ఏళ్ళలో ఈ విషయంపై కొన్ని ఉపయుక్తమైన భావనలను రూపొందించింది. ఆ భావనలను తెలుగు ఆటల నియమాలతో, ఆటల పరిభాషతో, ఒక తెలుగు జాతీయంతో అన్వయించి, కృష్ణా జిల్లా మెట్టప్రాంతపు డిగ్రీ కళాశాలల పరిస్థితులకు వర్తింపజేసి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పాత్ర, పాత్రస్పష్టత, ప్రేరణ, స్వయంనిర్ణయ సిద్ధాంతం, సామాజిక అలసత్వం, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, ఆటలో అరటిపండు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో "ఆటలో అరటిపండు" అనే జాతీయం ఉంది. పెద్దపిల్లలు ఆడుకుంటున్నప్పుడు చిన్నపిల్లవాడు తానూ ఆడతానని మారాం చేస్తే, వాణ్ణి ఏడిపించడం ఇష్టంలేక ఆటలోకి తీసుకుంటారు. కాని వాడు ఔటైనా ఔటు కాదు, పట్టుకున్నా పట్టు కాదు. వాడు ఆటలో ఉన్నాడు. ఆటకు వాడితో పనిలేదు. ఈ స్థితికి పిల్లలు పెట్టిన పేరే అరటిపండు. పెద్దల వ్యవహారంలో ఈ మాట, లెక్కలోకి రాని మనిషిని ఉద్దేశించి వాడే జాతీయంగా స్థిరపడింది.

చిన్నపిల్లవాడికి ఈ స్థితి కొంతకాలం ఆనందాన్నే ఇస్తుంది. వాడికి కావలసింది చేరిక మాత్రమే. అదే స్థితి పద్దెనిమిదేళ్ళ కళాశాల క్రీడాకారుడికి ఎదురైతే ఫలితం వేరుగా ఉంటుంది. జాబితాలో పేరు ఉంటుంది, జెర్సీ ఉంటుంది, ప్రయాణం ఉంటుంది. ఆటలో మాత్రం తాను చేయవలసిన పని ఏమిటో ఎవరూ చెప్పరు. ఇటువంటి విద్యార్థి కొద్దికాలానికి సాధనకు రావడం తగ్గిస్తే, వానికి పట్టుదల లేదని తీర్మానించడం సాధారణం. లోపం విద్యార్థి స్వభావంలో ఉన్నదా, అతనికిచ్చిన స్థానంలో ఉన్నదా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. పరిధి – పద్ధతి:

జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలు హైదరాబాదు – విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మార్గంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగమయ్యాయి. అయినా వ్యవహారంలో ఈ ప్రాంతం నేటికీ కృష్ణా జిల్లా మెట్టప్రాంతమే. వత్సవాయి, పెనుగంచిప్రోలు, వీరులపాడు, చందర్లపాడు, కంచికచర్ల మండలాలు దీని పరిసరాలు. పత్తి, మిరప ఇక్కడి ముఖ్యమైన పంటలు. జగ్గయ్యపేటలోని శ్రీ గెంటేల శకుంతలమ్మ కళాశాల, నందిగామలోని కాకాని వెంకటరత్నం కళాశాల వంటి డిగ్రీ కళాశాలలు ఈ పల్లెల విద్యార్థులకు ఉన్నతవిద్యను అందిస్తున్నాయి. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం ఈ ప్రాంతానికి విశ్వవిద్యాలయ స్థాయి వేదిక. అంతర కళాశాలల పోటీలు, వాటినుండి విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపిక, ఆపైన భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే అంతర విశ్వవిద్యాలయ పోటీలు – ఇది కళాశాల క్రీడాకారుని ముందున్న మెట్లవరుస.

ఈ వ్యాసం ప్రశ్నావళి ఆధారంగా చేసిన సర్వే కాదు. ఏ కళాశాల జట్టు మీదా ఇది తీర్పు చెప్పదు. అందుబాటులో ఉన్న సిద్ధాంతాలను, మూడు ఆటల నియమాలను, తెలుగు పరిభాషను పక్కపక్కన ఉంచి పరిశీలించే వివరణాత్మక పద్ధతిని ఇందులో అనుసరించడమైనది. ఈ ప్రాంత కళాశాలల్లో సులభంగా ఆడగలిగిన, ఎక్కువ ఖర్చులేని జట్టు ఆటలు కనుక కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌లను ఉదాహరణలుగా స్వీకరించడమైనది.

3. పాత్ర, ప్రేరణ – పదార్థ విచారం:

ఆంగ్లంలో పాత్రకు వాడే "రోల్" అనే మాట ఫ్రెంచి భాషనుండి వచ్చింది. నటుడు చెప్పవలసిన మాటలు రాసిన కాగితపు చుట్టకు అది పేరు. ఎవరో రాసి ఇచ్చినదాన్ని ఒప్పజెప్పడం అనే అర్థం దానిలో ఉంది. తెలుగులో మనం వాడే "పాత్ర" శబ్దం ఇంతకన్నా విస్తృతమైనది. గిన్నె పాత్ర, నాటకంలోని వేషం పాత్ర, అర్హత గలవాడు పాత్రుడు. పాత్రత, అపాత్రదానం వంటి మాటల్లో ఈ మూడో అర్థమే ప్రధానం. ఒకరికి పాత్ర ఇవ్వడమంటే వారిలో పాత్రత ఉన్నదని అంగీకరించడం కూడా. కనుకనే జట్టులో పాత్ర దక్కనివాడు పని లేకపోవడాన్ని మాత్రమే కాక, తన అర్హతను ఎవరూ గుర్తించకపోవడాన్ని కూడా అనుభవిస్తాడు.

"ప్రేరణ" తెలుగు వ్యాకరణానికి సుపరిచితమైన పారిభాషికపదం. "ఆడు" ధాతువుకు "ఇంచు" చేరితే "ఆడించు" అవుతుంది. ఇది ప్రేరణార్థక క్రియ. ఇక్కడ క్రియ చేసేవాడు ఒకడు, చేయించేవాడు మరొకడు. మనోవిజ్ఞానంలో ఇదే మాటను విస్తృతార్థంలో వాడుతున్నాం. మనిషి తనంతట తాను పూనుకోవడం కూడా దానిలో ఇమిడి ఉంది. ఈ వ్యాకరణభేదం ప్రస్తుత చర్చకు అక్కరకు వస్తుంది. ఒక విద్యార్థి ఆడుతున్నాడా, ఎవరో ఆడిస్తే ఆడుతున్నాడా అన్నదే ప్రేరణ సిద్ధాంతాల మూలప్రశ్న.

అమెరికన్ మనోవిజ్ఞానవేత్త ఎడ్వర్డ్ డెసీ 1971లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్నపైనే జరిగింది. ఆసక్తికరమైన చిక్కుముడి దిమ్మెలను పరిష్కరించడానికి కొందరు విద్యార్థులకు డబ్బు ఇచ్చి, తరువాత ఆ డబ్బు ఆపివేస్తే, ఖాళీ సమయంలో వారు ఆ దిమ్మెల జోలికి వెళ్ళడం తగ్గింది. ప్రతిఫలం వల్ల సహజాసక్తి కొంత సన్నగిల్లుతుందని డెసీ సూచించాడు. ఆయన, రిచర్డ్ రయన్ కలిసి అభివృద్ధి చేసిన స్వయంనిర్ణయ సిద్ధాంతం ప్రకారం మనిషికి మూడు మౌలిక మానసిక అవసరాలు ఉంటాయి. తాను చేసేది తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన స్వతంత్రత. చేయగలనన్న భావన సామర్థ్యం. నావాళ్ళ మధ్య ఉన్నానన్న భావన అనుబంధం. ఈ మూడూ తీరినచోట పని లోపలినుండి సాగుతుంది. తీరనిచోట బయటినుండి తోయవలసి వస్తుంది.

అయితే బాహ్యప్రేరణలన్నీ ఒకే కోవకు చెందవని కూడా ఈ సిద్ధాంతం చెబుతుంది. శిక్షకు భయపడి చేసేది ఒకటి. సిగ్గుకు వెరచి చేసేది మరొకటి. పని స్వయంగా ఆనందం ఇవ్వకపోయినా దాని విలువ గుర్తించి చేసేది ఇంకొకటి. ఈ చివరిదానిలో "ఆడించడం" క్రమంగా "ఆడడం"గా మారుతుంది. జట్టులో అప్రధానంగా కనిపించే పాత్రలను నిలబెట్టేది ఇదే.

4. పాత్రస్పష్టత – నాలుగు ప్రశ్నలు:

పాత్ర అస్పష్టంగా ఉంటే మనిషి ఒత్తిడికి లోనవుతాడన్న భావన మొదట కార్యాలయాల అధ్యయనంలో పుట్టింది. 1964లో రాబర్ట్ కాన్, ఆయన సహచరులు సంస్థల్లోని ఉద్యోగుల ఒత్తిడిపై వెలువరించిన గ్రంథంలో పాత్రాస్పష్టత, పాత్రసంఘర్షణ అనే రెండు భావనలను వివరించారు. తనకు నిర్దేశించిన పని ఏమిటో తెలియకపోవడం మొదటిది. పరస్పరవిరుద్ధమైన ఆకాంక్షలు ఒకేసారి మీద పడడం రెండోది.

మార్క్ బోషాం, స్టీవెన్ బ్రే, మార్క్ ఈస్, ఆల్బర్ట్ కారన్ 2002లో ఈ భావనను జట్టు క్రీడలకు అన్వయించి, పాత్రాస్పష్టతకు నాలుగు ముఖాలున్నాయని ప్రతిపాదించారు. వాటిని ప్రశ్నల రూపంలో ఇలా చెప్పుకోవచ్చు. నా బాధ్యత ఎంతవరకు? దాన్ని నెరవేర్చడానికి నేను ఏమి చేయాలి? నేను బాగా చేశానా లేదా అని ఎవరు, దేన్నిబట్టి నిర్ణయిస్తారు? చేయలేకపోతే ఏమవుతుంది?

సాధారణంగా జట్లలో మొదటి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. "నువ్వు ఎడమ మూల చూసుకో" అంటే బాధ్యత తెలిసినట్లే. రెండోది సాధనలో తెలుస్తుంది. మూడు, నాలుగు ప్రశ్నలను చాలావరకు ఎవరూ ప్రస్తావించరు. కూతకు వెళ్ళినవాడి పాయింట్లు అందరూ లెక్కపెడతారు. మూలలో నిలబడి ప్రత్యర్థిని లోపలికి రానివ్వకుండా కట్టడి చేసినవాడి పనికి అంకె లేదు. ఫలితంగా ఆ ఆటగాడు తాను బాగా ఆడుతున్నాడో లేదో తెలుసుకునే దారి ఉండదు. సామర్థ్యభావన పెరగడానికి కావలసిన సమాచారమే అతనికి అందదు. పాత్రాస్పష్టతకు, ప్రేరణ తగ్గడానికి మధ్య ఉన్న లంకె ఇక్కడ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత్రస్పష్టతా ప్రేరణా కలిసి కనిపించినంత మాత్రాన మొదటిదే రెండోదానికి కారణమని చెప్పలేం. ఉత్సాహం గల ఆటగాడు తానే శిక్షకుణ్ణి అడిగి తన పని తెలుసుకుంటాడు. అతని విషయంలో ప్రేరణ ముందు, స్పష్టత తరువాత. అడగడానికి మొహమాటపడే విద్యార్థి విషయంలో మాత్రం చెప్పడమనేది పూర్తిగా శిక్షకుని బాధ్యత అవుతుంది. పల్లెనుండి కొత్తగా కళాశాలకు వచ్చి, పి.డి. సారుతో మాట్లాడడానికే వెనుకాడే మొదటి సంవత్సరం విద్యార్థులకు ఇది మరింతగా వర్తిస్తుంది.

5. నియమాలు నేర్పే పాత్రలు:

5.1 కబడ్డీ: చెడుగుడుగా మన పల్లెలకు తెలిసిన ఈ ఆటలో "కూత", "పట్టు" అనే రెండు మాటలు రెండు పాత్రలను సూచిస్తాయి. పల్లె ఆటలో ఔటైనవాడు "చచ్చాడు", తిరిగి వచ్చినవాడు "బతికాడు". భారతీయ కబడ్డీలో సంప్రదాయికంగా మూడు పద్ధతులు గుర్తింపు పొందాయి. అమర్ పద్ధతిలో తాకినా ఆటగాడు బయటికి వెళ్ళడు. ప్రత్యర్థికి పాయింటు మాత్రమే దక్కుతుంది. గామిని పద్ధతిలో ఔటైనవాడు తన జట్టంతా ఔటయ్యేవరకు బయటే ఉంటాడు. సంజీవని పద్ధతిలో తన జట్టు ప్రత్యర్థిని ఔట్ చేస్తే బయట ఉన్నవాడు తిరిగి బరిలోకి వస్తాడు. నేటి పోటీ కబడ్డీ ఈ మూడో పద్ధతినే అనుసరిస్తున్నది.

ప్రేరణ దృష్టితో చూస్తే ఈ మూడూ మూడు రకాల పాత్రవ్యవస్థలు. అమర్ పద్ధతిలో అందరికీ అవకాశం నిశ్చయం; తప్పుకు వ్యక్తిగతమైన పర్యవసానం తక్కువ. గామిని పద్ధతిలో పర్యవసానం కఠినం. ఔటైనవాడికి చేయగలిగింది ఏమీ ఉండదు. సంజీవని పద్ధతి వీటి మధ్య నిలుస్తుంది. తప్పుకు ఫలితం ఉంది, తిరిగి రావడానికి మార్గమూ ఉంది, ఆ మార్గం తోటివాడి చేతిలో ఉంది. బయట కూర్చున్నవాడు లోపలి ప్రతి కూతనూ ఊపిరి బిగబట్టి చూస్తాడు. బోనస్ పాయింటు వల్ల ఎవరూ బతకరు. ప్రత్యర్థిని ఔట్ చేస్తేనే బతుకుతారు. స్కోరుపలక మీద రెండూ ఒక్కొక్క పాయింటే. బయట ఉన్నవాడికి మాత్రం రెంటి విలువ ఒకటి కాదు. ఒకరి పని మరొకరి స్థానాన్ని నిర్ణయించే ఈ ఏర్పాటు, అనుబంధం అనే అవసరాన్ని ఉపదేశంతో పనిలేకుండా నియమంతోనే తీరుస్తున్నది.

ఐతే సంజీవని ఔటైనవాడికే వర్తిస్తుంది. జట్టులో గరిష్ఠంగా పన్నెండుమంది ఉండి ఏడుగురు బరిలో దిగితే, మిగిలిన ఐదుగురికి ఏ నియమమూ ప్రాణం పోయదు. వారి సంగతి శిక్షకుడు చూడవలసిందే.

5.2 ఖోఖో: సంప్రదాయిక నియమావళి ప్రకారం తొమ్మిదిమంది తరిమే జట్టులో ఎనిమిదిమంది ఒకరి పక్కన ఒకరు వ్యతిరేక దిశల్లోకి ముఖాలు పెట్టి కూర్చుంటారు. ఒక్కరే పరుగెత్తుతారు. వెనుకనుండి తాకి "ఖో" అన్నప్పుడు మాత్రమే కూర్చున్నవారు లేవాలి. బయటివారికి ఎనిమిదిమంది ఊరికే కూర్చున్నట్లు కనిపిస్తుంది. నిజానికి ప్రతి ఒక్కరూ తరువాతి క్షణంలో ప్రధానపాత్రధారి కావచ్చు. నిరీక్షణ కూడా ఒక పాత్ర కాగలదని ఈ ఆట నిరూపిస్తున్నది. ఆ నిరీక్షణకు రెండు షరతులున్నాయి. పిలుపు ఎప్పుడైనా రావచ్చు, వచ్చినప్పుడు చేయవలసిన పని తెలిసి ఉండాలి. ఈ రెండూ లేని నిరీక్షణ అరటిపండు స్థితికి దారితీస్తుంది.

5.3 వాలీబాల్: ఆరుగురూ స్థానాలు మారుతూ తిరగాలన్న నియమం ఈ ఆటకు ప్రాణం. ముందువరుసలో గట్టిగా కొట్టేవాడు కూడా వెనుకకు వెళ్ళి బంతిని అందుకోవలసిందే. పాత్రలన్నిటినీ అనుభవించడం వల్ల ఇతరుల కష్టం తెలుస్తుంది. కాని 1998లో అంతర్జాతీయ పోటీల్లో ప్రవేశించిన లిబెరో పాత్ర దీనికి భిన్నమైనది. వేరే రంగు జెర్సీ వేసుకున్న ఈ ఆటగాడు వెనుకవరుసలోనే ఆడాలి. బ్లాక్ చేయరాదు. నెట్ ఎత్తుకు పైన ఉన్న బంతిని దాడిగా కొట్టరాదు. పాయింటు సాధించే పనులు దాదాపు అన్నీ అతనికి నిషిద్ధం. అయినా ఆ పాత్రకు గౌరవం లభించింది. కారణం, దాని బాధ్యత ఎంతవరకో నియమం నిర్దేశించింది; జెర్సీ రంగు దాన్ని అందరికీ కనబడేట్టు చేసింది. పరిమితమైన పాత్ర ప్రేరణను చంపదు, అస్పష్టమైన పాత్ర చంపుతుంది అనడానికి లిబెరో మంచి దృష్టాంతం. రెండో తాకిడితో బంతిని లేపి ఇచ్చే సెట్టర్ సంగతీ ఇంతే. చప్పట్లు కొట్టినవాడికి పడతాయి. కొట్టడానికి వీలైన బంతి ఎవరిచ్చారో జట్టుకు తెలుసు.

6. తాడులాట – కనిపించని శ్రమ:

పాత్ర ఇతరులకు కనబడడం ఎందుకు ముఖ్యమో తెలుసుకోవడానికి తాడులాటకు సంబంధించిన ఒక పాత అధ్యయనం తోడ్పడుతుంది. ఎడ్లచేత బండ లాగించే పందేలు చూసిన మెట్టప్రాంత వాసులకు దీని నేపథ్యం కొత్తగా అనిపించదు. ఫ్రాన్సుకు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మాన్ మనుషులు, పశువులు బరువు లాగే శక్తిని కొలిచి 1913లో ఫలితాలు ప్రచురించాడు. ఒక్కడే లాగినప్పటి బలాన్ని నూరుగా తీసుకుంటే, ఎనిమిదిమంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతు 49కి పడిపోయింది.

ఈ తగ్గుదల లాగే అదను కుదరకపోవడం వల్లనా, మనసు పెట్టకపోవడం వల్లనా? 1974లో అలన్ ఇంగమ్ బృందం ఈ సందేహాన్ని తీర్చింది. వెనుక నిలబడినవారు నిజంగా లాగకుండా నటిస్తూ ఉంటే, ముందున్న వ్యక్తి తనతో ఇతరులు లాగుతున్నారన్న నమ్మకంతోనే తన బలం తగ్గించాడు. అదను కుదరకపోవడానికి అక్కడ ఆస్కారమే లేదు. 1979లో బిబ్ లటానే, కిప్లింగ్ విలియమ్స్, స్టీఫెన్ హార్కిన్స్ చప్పట్లు, కేకలపై చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. ఈ ధోరణిని "సామాజిక అలసత్వం" అనవచ్చు. తమ వంతు శ్రమను విడిగా గుర్తిస్తున్నారని తెలిసినప్పుడు ఈ అలసత్వం తగ్గుతుందని 1981లో అదే పరిశోధకులు చూపారు.

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. శ్రమ తగ్గించినవాడు సోమరి కానక్కరలేదు. తన శ్రమ లెక్కలోకి రాదని గ్రహించిన మామూలు మనిషి కావచ్చు. అరటిపండు స్థితి దీనికి పరాకాష్ఠ. అక్కడ శ్రమ కనబడకపోవడమే కాదు, శ్రమించినా ఫలితం మారదన్న నమ్మకం ఏర్పడుతుంది.

7. బల్లమీది ఆటగాడు:

పైన చెప్పిన మూడు ఆటల్లోనూ పన్నెండుమంది చొప్పున జట్టును ఎంపిక చేస్తే మొత్తం ముప్పైఆరుగురు. ఆట మొదలయ్యేటప్పుడు కబడ్డీలో ఐదుగురు, ఖోఖోలో ముగ్గురు, వాలీబాల్‌లో ఆరుగురు బయట ఉంటారు. అంటే పద్నాలుగుమంది, దాదాపు ప్రతి ఐదుగురిలో ఇద్దరు. ఇంతమంది ప్రేరణను పట్టించుకోని జట్టు తన బలంలో పెద్ద భాగాన్ని వదులుకున్నట్లే. విద్యార్థులు తక్కువగా ఉండే పల్లెప్రాంత కళాశాలలో ఈ ఐదుగురో ఆరుగురో మానుకుంటే సాధనకు ఎదురుజట్టే ఉండదు. ఏడుగురు బాగా ఆడాలంటే వారికి ఎదురునిలిచే మరికొందరు ఉండాలి.

వీరిని నిలబెట్టడానికి సాధారణంగా చూపే ఆశ ధ్రువపత్రం. క్రీడల కోటాలో ప్రవేశాలకు, ఉద్యోగాలకు ధ్రువపత్రం ఉపయోగపడుతుంది. పత్తి, మిరప రైతుకుటుంబాల, కూలికుటుంబాల పిల్లలకు ఆ ఆశ చిన్నదేమీ కాదు. దాన్ని తక్కువచేసి చూడడం తగదు. కాని ధ్రువపత్రం జాబితాలో పేరు ఉంటే వస్తుంది, ఆడే తీరును బట్టి రాదు. పేరు చేరేవరకు అది పనిచేస్తుంది. చేరిన తరువాత సాధనకు రప్పించే శక్తి దానికి తక్కువ. అక్కడినుండి పని చేయవలసింది పాత్ర.

ఈ ప్రాంతపు విద్యార్థులకు పాత్రసంఘర్షణ కూడా అధికం. పత్తితీతలు, మిరపకోతల కాలంలో ఇంటిపని పిలుస్తుంది. సాయంత్రం సాధన ముగిసేసరికి ఊరి బస్సు వెళ్ళిపోతుందేమోనన్న ఆందోళన, ముఖ్యంగా విద్యార్థినులకు, ఉంటుంది. కూతురిగా, విద్యార్థినిగా, క్రీడాకారిణిగా మూడు పాత్రలు ఒకే సాయంకాలంలో పోటీ పడతాయి. ఈ పోటీలో ముందుగా రాలిపోయేది ఏ పాత్ర? తనకోసం ఎవరూ ఎదురుచూడని పాత్ర. "నేను లేకపోతే ఈరోజు సాధన కుంటుపడుతుంది" అని నమ్మే అమ్మాయి ఇంట్లో వాదించి అయినా వస్తుంది. "నేనున్నా లేకున్నా ఒకటే" అనుకునే అమ్మాయికి వాదించడానికి కారణం దొరకదు. ఆమె మానుకోవడాన్ని బస్సు సమస్యగానో, ఇంటివారి కట్టుబాటుగానో మాత్రమే నమోదు చేస్తే సగం సత్యమే నమోదు చేసినట్లు.

8. అనధికార పాత్రలు:

నియమావళిలో లేని పాత్రలు కూడా జట్టులో ఉంటాయి. క్రీడాజట్లలోని అనధికార పాత్రలపై 2011లో వెలువడిన కోప్, ఈస్ ప్రభృతుల అధ్యయనం పన్నెండు రకాలను గుర్తించింది. నవ్వించేవాడు, ఉత్సాహం రగిలించేవాడు, కొత్తవారికి దారిచూపేవాడు, మాటలతో నడిపేవాడు, మాట్లాడకుండా తన నడవడితో నడిపేవాడు, అందరినీ ఒకచోట చేర్చేవాడు వంటివి వాటిలో మేలు చేసేవి. అసంతృప్తిని వ్యాపింపజేసేవాడు, దృష్టి మళ్ళించేవాడు, దెబ్బ సాకుతో తప్పుకునేవాడు వంటివి చెరుపు చేసేవి.

ఈ జాబితానుండి గ్రహించవలసినది మరొకటి ఉంది. మనిషి పాత్ర లేకుండా ఎక్కువకాలం ఉండలేడు. జట్టు ఇవ్వకపోతే తానే ఒకటి కల్పించుకుంటాడు. బల్లమీద కూర్చున్న చురుకైన విద్యార్థి నవ్వించే పాత్రను, కొన్నాళ్ళకు సణిగే పాత్రను స్వీకరించడం ఈ విధంగా అర్థం చేసుకోదగినది. ఆ చురుకుదనాన్నే కొత్తవారికి దారిచూపే పనికి మళ్ళించడం శిక్షకుని నేర్పు.

9. ఆచరణకు కొన్ని సూచనలు:

అ) పోటీల ఋతువు ఆరంభంలో పి.డి. ప్రతి ఆటగాడితో విడిగా మాట్లాడి పై నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పడం మంచిది. విద్యార్థిచేత ఆ సమాధానాలను తన మాటల్లో తిరిగి చెప్పిస్తే అవగాహన ఎంతవరకో తెలుస్తుంది.

ఆ) బయట ఉన్నవారికి ఫలితం గల పని అప్పగించాలి. కబడ్డీలో ప్రత్యర్థి కూతగాడు ముందుగా ఏ కాలు కదుపుతున్నాడు, బోనస్‌కు ఎటునుండి వస్తున్నాడు అని గమనించి విరామంలో జట్టుకు చెప్పడం అటువంటి పని. ఆ సమాచారాన్ని రెండో భాగంలో వాడి, వాడినట్లు అందరిముందు చెప్పాలి.

ఇ) సాధనలో పాత్రలు మార్చాలి. కూతకు వెళ్ళేవారు మూలలో నిలబడాలి. మూలవారు కూతకు వెళ్ళాలి. పోటీలో ఎవరి పాత్ర వారిదే అయినా, ఇతరుల పాత్ర విలువ దీనివల్ల తెలుస్తుంది.

ఈ) పాయింట్లతోపాటు పట్టుకు సాయం చేసినవారిని, ప్రత్యర్థిని ఉత్తచేతులతో వెనక్కి పంపిన సందర్భాలను కూడా నమోదు చేయాలి. ఒక నోటుపుస్తకం, ఒక కలం చాలు. ఆ పుస్తకం నింపే పనినే బయట ఉన్నవారికి ఇవ్వవచ్చు.

ఉ) పంటపనుల కాలంలో కొన్నాళ్ళు రానివారి స్థానాన్ని వారికోసం నిలిపి ఉంచుతామని ముందే చెప్పాలి. తిరిగివచ్చే మార్గం ఉన్నదని తెలిసినవారు తిరిగివస్తారు. ఇది సంజీవని నియమాన్ని బరి బయటికి విస్తరించడమే.

ఈ సూచనలకు ఒక హద్దు ఉంది. కల్పించిన పని, ఉత్తుత్తి మెప్పు విద్యార్థులకు సులభంగా తెలిసిపోతాయి. నీళ్ళసీసాలు అందించే పనికి పెద్ద పేరు పెట్టినంత మాత్రాన అది పాత్ర కాదు. అలాగే పాత్రల పంపకంలో ఊరు, కులం, సీనియారిటీ ప్రభావం ఉన్నదన్న అనుమానం కలిగితే స్పష్టత ఎంత ఉన్నా ప్రేరణ కలగదు. అన్యాయమని భావించిన పాత్రను మనసు అంగీకరించదు. కనుక ఎంపికకు ఆధారాలేమిటో అందరికీ చెప్పడం పాత్రస్పష్టతలో భాగమే.

10. ముగింపు:

పై వివరణనుండి తేలిన అంశాలు ఇవి:

• ప్రేరణను వ్యక్తి స్వభావంగా మాత్రమే చూడడం సరికాదు. పాత్ర స్పష్టంగా ఉండడం, న్యాయమైనదిగా తోచడం, దాని శ్రమ ఇతరులకు కనబడడం ప్రేరణకు ఆధారాలు.

• పాత్ర చిన్నదైనంత మాత్రాన ప్రేరణ తగ్గదు. పాత్ర ఏదో తెలియకపోవడం, దానికి ఫలితం లేకపోవడం తగ్గిస్తాయి. లిబెరో, ఖోఖోలో కూర్చున్న ఆటగాడు దీనికి నిదర్శనాలు.

• కబడ్డీలోని సంజీవని నియమం పర్యవసానాన్ని, పునఃప్రవేశాన్ని, పరస్పరాశ్రయాన్ని ఒకచోట చేర్చింది. కళాశాల జట్టు నిర్వహణకు ఇది స్వదేశీయమైన నమూనా కాగలదు.

• బల్లమీది ఆటగాళ్ళు జట్టులో దాదాపు ఐదింట రెండు వంతులు. పల్లెప్రాంత కళాశాలల్లో వారు నిలిస్తేనే సాధన నిలుస్తుంది. సంసారబాధ్యతలు, ప్రయాణ ఇబ్బందులు ఉన్నచోట వారికి అర్థవంతమైన పాత్ర ఇవ్వడం మరింత అవసరం.

• "ఆటలో అరటిపండు" అనే జాతీయం, చేరిక ఉండి పర్యవసానం లేని స్థితిని ఒక్కమాటలో నిర్వచిస్తున్నది. క్రీడామనోవిజ్ఞానాన్ని తెలుగులో బోధించేటప్పుడు ఇటువంటి దేశీయపదసంపదను పారిభాషికంగా వినియోగించుకోవచ్చు.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత కళాశాలల జట్లలో ఎవరు ఏ ఋతువులో సాధన మానుకుంటున్నారో, అప్పటికి వారి పాత్ర ఏమిటో క్రమంగా నమోదు చేస్తే, ఇక్కడ చేసిన వివరణను పరీక్షించడానికి వీలవుతుంది. వ్యాయామవిద్య, మనోవిజ్ఞానం, తెలుగు శాఖలు కలిసి చేయదగిన పరిశోధన ఇది.